బెదిరిన కుక్కకు ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాటు. రెండేళ్ళ నాటు ఆడకుక్క మల్లిని రెండు నెలల కిందట తెచ్చుకున్నారు. అంతకుముందు ఉన్న ఇంట్లో దాన్ని డాబా మీద గొలుసుతో కట్టేసి ఉంచారు. ఇప్పుడది పగలంతా మంచం కిందే ఉంటుంది. లిఫ్టు ముందు బిగుసుకుపోతుంది, హెలికాప్టర్ మోతకు వణుకుతుంది, బంతి దొర్లిస్తే బంతిని చూసి కూడా భయపడుతుంది. మీ మరిది వంగి తల నిమరబోతే గుర్రుమంటుంది. ఆదివారం సాయంత్రాలు ఆర్కే బీచ్‌లో జనం మధ్య తిప్పితే అదే అలవాటవుతుందని పక్కింటివారు అన్నారు. అలా తిప్పాలా, తోడుగా ఇంకో కుక్కను తేవాలా, అసలు దీనికి ధైర్యం వస్తుందా అని అడిగారు.

వస్తుంది. కానీ ఆదివారం బీచ్‌కు తీసుకెళ్ళకండి.

భయపడే కుక్కను తప్పించుకునే దారిలేని చోట నిలబెడితే అది రెండు పనుల్లో ఒకటి చేస్తుంది. తిరగబడుతుంది, లేదా కదలడం మానేస్తుంది. ఈ రెండోదాన్ని చూసే జనం ‘అలవాటైపోయింది, చూడండి ఎంత బుద్ధిగా ఉందో’ అంటారు. బెలూన్లు, గుర్రాలు, మొక్కజొన్న పొత్తుల బళ్ళు, పరుగెత్తే పిల్లలు, వీటన్నిటి మధ్య తోక కాళ్ళ సందున ముడుచుకొని కదలక నిలబడ్డ కుక్క బుద్ధిగా ఉన్నట్టు కాదు. అది ఆశ వదులుకున్నట్టు.

ఇది నా ఊహ కాదు. 1967లో అమెరికాలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మయర్ కుక్కల మీద చేసిన ప్రయోగాలు చదివితే మనసు కష్టపడుతుంది, అయినా మల్లి విషయంలో వాటిని తెలుసుకోవాలి. ఏం చేసినా కరెంటు షాకు ఆగని స్థితిని అనుభవించిన కుక్కలను, తరువాత సులువుగా దూకి తప్పించుకోగల పెట్టెలో పెట్టినా, వాటిలో ఎక్కువ భాగం కదలకుండా పడి ఉన్నాయి. నిస్సహాయతను అవి నేర్చుకున్నాయని అప్పట్లో వివరించారు. దాదాపు యాభై ఏళ్ళ తరువాత, 2016లో, ఆ ఇద్దరే మెదడు మీద జరిగిన పరిశోధనలన్నీ చూసి తమ పాత వివరణను తలకిందులు చేశారు. కదలకుండా ఉండిపోవడం నేర్చుకున్నది కాదన్నారు. ఆగకుండా సాగే బాధకు శరీరం సహజంగా స్పందించే తీరే అది. ప్రాణి నేర్చుకోవలసింది దానికి అవతలి విషయం: ‘నేను చేసే పని వల్ల ఇక్కడ ఫలితం మారుతుంది.’

డాబా మీద మల్లికి నేర్చుకునే అవకాశం దొరకనిది సరిగ్గా ఇదే. మొరిగినా ఎవరూ రాలేదు, మూలిగినా ఎండ తగ్గలేదు. అందువల్ల సిట్, షేక్‌హ్యాండ్ లాంటివి ఇప్పుడు పక్కన పెట్టండి. తన మాట ఈ ఇంట్లో చెల్లుతుందని మల్లికి తెలియాలి. వద్దంటే ఆగుతారని, కావాలంటే దొరుకుతుందని తెలియాలి. కింద చెప్పే ప్రతి ఆటా దీనికోసమే.

ముందు దాని మాట వినడం అలవాటు చేసుకోండి. మొరుగు, గుర్రు చివరి మాటలు. అంతకుముందే అది చాలా చెబుతుంది. ఎదురుగా తిండి లేకపోయినా పెదాలు నాకుతుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. తల పక్కకు తిప్పి, కనుగుడ్డు తెలుపు కనబడేలా ఓరగా చూస్తుంది. చెవులు వెనక్కి అంటుకుపోతాయి, ముందుకాలు ఒకటి ఎత్తి ఆగిపోతుంది. ఫ్యాను కింద ఉన్నా వగరుస్తుంది. పశువైద్యుడి దగ్గర బల్ల మీద ఒక్కసారిగా వెంట్రుకలు రాలడం, గచ్చు మీద తడి పాదముద్రలు పడడం గమనించి ఉంటారు. అవీ భయం గుర్తులే. వీటన్నిటికంటే మీకు ఎక్కువ పనికొచ్చే కొలత ఇంకోటి ఉంది: ఇష్టమైన చికెన్ ముక్క ముక్కు దగ్గర పెట్టినా ముట్టకపోవడం. అలా జరిగిందంటే భయం హద్దు దాటింది, అక్కడ ఇక ఏ పాఠమూ ఎక్కదు. వెనక్కి వచ్చేయడమే పని.

గుర్రుమన్నందుకు మాత్రం ఎప్పుడూ కసరకండి, కొట్టకండి. గుర్రు హెచ్చరిక. దాన్ని తిట్టి మాన్పిస్తే భయం అలాగే మిగిలిపోతుంది, హెచ్చరిక ఒక్కటే పోతుంది. ‘ఏమీ అనకుండానే హఠాత్తుగా కరిచింది’ అని జనం చెప్పే కుక్కల్లో చాలావాటికి ఎవరో ఒకరు గుర్రుమనడం మాన్పించి ఉంటారు. మెడ బిగించే చోక్ గొలుసులు, షాకు బెల్టులు బెదురు కుక్క దగ్గరకు తేకూడదని నేను గట్టిగా చెబుతాను. భయపడినప్పుడు దగ్గరకు తీసుకుంటే భయం ముదురుతుందనే మాట కూడా మీ అత్తగారు విని ఉంటారు. అది నిజం కాదు. మల్లి వణుకుతూ మీ పక్కకు వస్తే ఉండనివ్వండి, కావాలంటే నెమ్మదిగా నిమరండి. అది రాకుండా మీరు లాగి ఒళ్ళో పెట్టుకోవడం మాత్రం వద్దు.

ఒక ముఖ్యమైన పని ముందే చేయించండి: పశువైద్య పరీక్ష. చెవిలో చీము, పంటి నొప్పి, తుంటి నొప్పి ఉన్న కుక్క తాకితే గుర్రుమంటుంది. పిడుదులు (రక్తం పీల్చే టిక్స్) పట్టి టిక్ ఫీవర్ వచ్చిన కుక్క నీరసంగా మూలన పడి ఉంటుంది. మన తేమ వాతావరణంలో ఏడాది పొడుగునా పిడుదులు ఉంటాయి. వీటిని భయమని అనుకొని నెలలు గడపకూడదు.

ఇక ఇల్లు. మంచం కింద చోటు మల్లిది, అంతే. పాత దుప్పటి వేయండి, నీళ్ళ గిన్నె దగ్గరగా పెట్టండి. అది అక్కడ ఉన్నంతసేపు ఎవరూ చెయ్యి పెట్టకూడదు, చీపురు తోయకూడదు. ఊడ్చే పని అది బయటికి వచ్చినప్పుడు చేసుకోవచ్చు. తిండి, నడక వేళలు రోజూ ఒకేలా ఉండనివ్వండి. ఏదైనా చేసేముందు ఒక మాట చెప్పండి: ‘పట్టీ’ అన్నాక మాత్రమే నడకకు తగిలించే పట్టీ (లీష్) చేతికి తీసుకోండి, ‘తుడుద్దాం’ అన్నాక మాత్రమే కాళ్ళు తుడవండి. కొద్దిరోజుల్లో ఆ మాట రాకపోతే ఏమీ జరగదని దానికి తెలుస్తుంది. మాట రాని సమయమంతా అది నిశ్చింతగా ఉంటుంది. ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు పడుకునే కుక్క పక్కకు ఒరిగి నిద్రపోవడం మొదలయ్యేది ఇలాగే.

నిమిరేటప్పుడు మూడు క్షణాల నియమం పెట్టుకోండి. గడ్డం కిందో, ఛాతీ మీదో మూడు క్షణాలు నిమిరి చెయ్యి తీసేయండి. మళ్ళీ జరిగి చేతికి ఆనితే కొనసాగించండి. ఊరుకుంటే, తల తిప్పుకుంటే, అది ‘చాలు’ అన్నట్టు. ఇంట్లో అందరూ దీన్ని పాటిస్తే చాలు, నమ్మకంలో సగం పని అయిపోతుంది.

ఇప్పుడు ఆటలు. ఇక్కడ ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే ఆటను చాలామంది శిక్షణ అయ్యాక ఇచ్చే బహుమతి అనుకుంటారు. బెదురు కుక్కకు ఆటే అసలు శిక్షణ. జంతువుల భావోద్వేగాలను జీవితమంతా పరిశోధించిన యాక్ పాంక్సెప్ ఆటకు, వెతుకులాటకు, భయానికి మెదడులో వేర్వేరు వ్యవస్థలు ఉన్నాయని చూపించాడు. బాగా భయపడిన ప్రాణి ఆడదు. దీన్ని మనం రెండో వైపు నుంచి వాడుకోవచ్చు: వెతకడంలో మునిగిన కుక్క బెదురు మెల్లగా సడలుతుంది.

అందుకే మొదటి ఆట బంతి కాదు, ముక్కు. మల్లి అన్నం మొత్తం గిన్నెలో పెట్టడం మానేయండి. పాత తువ్వాలు పరిచి, ఉడికించిన చికెన్ ముక్కలు కొన్ని చల్లి, వదులుగా చుట్టి మంచం దగ్గర పెట్టి మీరు దూరంగా వెళ్ళి కూర్చోండి. అది ముక్కుతో తోసి, విప్పుకొని తింటుంది. సులువుగా దొరకాలి, మొదట్లో ఓడిపోకూడదు. తరువాత తలుపు వెనక, కుర్చీ కాలి దగ్గర, బాల్కనీలో తులసి కుండీ పక్కన దాచండి, ‘వెతుకు’ అనండి. 2019లో షార్లట్ డ్యూరాంటన్, అలెగ్జాండ్రా హోరోవిట్జ్ చేసిన అధ్యయనంలో రెండు వారాలు ముక్కుతో వెతికే ఆట ఆడిన పెంపుడు కుక్కలు, మంచో చెడో తేలని పరిస్థితిలో మంచే జరుగుతుందన్నట్టు చొరవగా ముందుకు వెళ్ళాయి. యజమాని వెంట నడక నేర్చుకున్న కుక్కల్లో ఆ మార్పు రాలేదు. తేడా ఎక్కడుందో చూడండి: వెతికే ఆటలో నిర్ణయాలన్నీ కుక్కవే.

చికెన్ వేలిగోరంత ముక్కలుగా చాలు. ఉప్పు, కారం లేకుండా ఉడికించండి. కూరలోంచి తీసి కడిగి ఇవ్వకండి, ఉల్లిపాయ కుక్కలకు విషం. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా అంతే. గుడ్డు మంచిది.

రెండో ఆట చప్పుళ్ళది, నాకు చాలా ఇష్టమైనది. ఒక అట్టపెట్టెలో నలిపిన వార్తాపత్రికలు నింపి, మధ్యమధ్య ముక్కలు వేయండి. మల్లి తల దూర్చగానే కాగితాలు చప్పుడు చేస్తాయి. ఉలిక్కిపడి వెనక్కి పోతుంది. పోనివ్వండి, ప్రోత్సాహంగా పిలవకండి, పెట్టెను దగ్గరకు తోయకండి. మళ్ళీ వస్తుంది. ఈ చప్పుడు తను చేస్తే వస్తుంది, తను ఆపితే ఆగుతుంది, ఆగాక చికెన్ ఉంటుంది. బలవంతంగా చప్పుడు వినిపించడానికీ దీనికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. పెట్టె చింపినా చింపనివ్వండి. కొన్నాళ్ళకు ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కలపండి, ఆ తరువాత బోర్లించిన స్టీలు పళ్ళెం కింద ముక్క పెట్టండి. పళ్ళెం గచ్చు మీద గణగణమన్నా ముక్కుతో తోసే రోజు వస్తుంది. ఆ రోజున మీ అత్తగారిని కూడా పిలిచి చూపించండి.

మూడోది చేతికి ముక్కు ఆనించడం. అరచేతిని దాని ముక్కుకు కాస్త దూరంలో పక్కగా పెట్టండి, ముఖం మీదకు తేవద్దు. వాసన చూడడానికి ముక్కు ఆనగానే ‘శభాష్’ అని ముక్క ఇవ్వండి. ఇది చాలా చిన్నగా కనిపిస్తుంది, కానీ మల్లిని మెడపట్టి లాగకుండా ఎక్కడికైనా పిలవగలిగే మార్గం ఇదే. చెయ్యి దాని మీదకు రావడం పోయి, అదే చేతి దగ్గరకు రావడం మొదలవుతుంది.

లాగుడు ఆటను చివరికి ఉంచండి. తాడు లాగే ఆట ఆడితే కుక్క క్రూరంగా మారుతుందనే నమ్మకానికి ఆధారం లేదు. మందపాటి పాత నూలు గుడ్డను పొడవుగా ముడివేసి, నేల మీద దాని నుంచి దూరంగా పాకిస్తూ లాగండి. మీదకు వచ్చే వస్తువు భయపెడుతుంది, పారిపోయే వస్తువు ఊరిస్తుంది. బంతి విషయంలో జరిగింది అదే. మీరు నేల మీద పక్కకు తిరిగి కూర్చోండి. నోటితో పట్టుకోగానే వదిలేయండి, గెలవనివ్వండి. గుడ్డను మంచం కిందకు తీసుకెళ్తే తీసుకెళ్ళనివ్వండి. ముందుకాళ్ళు చాపి, వెనకభాగం పైకెత్తి వంగిందంటే అది ఆటకు పిలుపు. మీరూ చేతులు నేలకు ఆనించి వంగండి, చాలా కుక్కలకు మన వంగడం కూడా అర్థమవుతుంది. రెండు మూడు నిమిషాలు చాలు. ఇంకా ఆడాలని ఉండగానే ఆపండి. అస్సలు ఆడకపోయినా దిగులు పడవద్దు. పసితనంలో, మూడో వారం నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగో వారం వరకు, మనుషులతో ఆడని కుక్కకు పెద్దయ్యాక ఆట కొత్త విద్య. కొన్ని కుక్కలకు ముక్కు ఆటలే జీవితమంతా ఆట, అందులో లోటేమీ లేదు.

మీ మరిది చేయవలసింది మొదట్లో ఏమీ చేయకపోవడమే. వంగవద్దు, కళ్ళలోకి చూడవద్దు, చెయ్యి చాపవద్దు. సోఫాలో పక్కకు తిరిగి కూర్చొని, మల్లి కనబడగానే ఒక ముక్కను దాని వెనక్కి, దూరంగా విసరాలి. చేతిలో ముక్క పెట్టుకొని దగ్గరకు రప్పించడం అందరూ చేసే పని, కానీ అలా వచ్చిన కుక్క తిండి ఆశకు వస్తుంది. తినేసరికి తాను మనిషికి మరీ దగ్గరగా ఉన్నానని గుర్తొచ్చి గుర్రుమంటుంది. వెనక్కి విసిరితే తిండీ దొరుకుతుంది, దూరమూ దొరుకుతుంది. తిని మళ్ళీ తిరిగి చూస్తుంది, ప్రతిసారీ కాస్త దగ్గరగా వచ్చి నిలబడుతుంది. ఎంత దగ్గరగా రావాలో అదే నిర్ణయించుకుంటుంది. ఆయనకు ఓపిక ఉంటే, అతి త్వరగా మాలిమి అయ్యేది ఆయనకే కావచ్చు.

లిఫ్టు వదిలేయండి, మెట్లు వాడండి. మూడు అంతస్తులే కదా. లిఫ్టుకు దూరంగా, తలుపులు తెరుచుకొని మూసుకోవడం కనబడే చోట నిలబడి, చప్పుడు కాగానే ముక్క, మళ్ళీ ఇంట్లోకి. రోజుకు ఒక్క నిమిషం. వరస మారకూడదు: చప్పుడు ముందు, తిండి తరువాత. ముందే తిండి చూపితే ‘చికెన్ వచ్చిందంటే లిఫ్టు మోగుతుంది’ అని నేర్చుకొని చికెన్‌కే భయపడుతుంది.

మోతల సంగతీ ఇంతే. నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా ఊళ్ళోనే ఉంది కాబట్టి హెలికాప్టర్లు తప్పవు. మోత వినబడగానే, ఎంత దూరంగా ఉన్నా, మల్లికి అన్నిటికంటే ఇష్టమైన తిండి రావాలి, మోత ఆగగానే తిండీ ఆగాలి. స్టెఫనీ రీమర్ 2020లో ప్రచురించిన అధ్యయనంలో, వెయ్యిమందికి పైగా యజమానులను బాణసంచా భయం గురించి అడిగితే, మోత రాగానే తిండి పెట్టడమో ఆడించడమో చేసినవారిలో సుమారు 70 శాతం మంది ఫలితం ఉందన్నారు. ఫోనులో ఉరుముల శబ్దం చిన్నగా పెట్టి అలవాటు చేయడం కొంతవరకే పనిచేస్తుంది. నిజమైన ఉరుముకు ఉండే అదురు, మెరుపు, గాలిలో మార్పు ఫోనులో రావు.

దీపావళికి, నేవీ డేకు వేరే ఏర్పాటు కావాలి. నేవీ డే డిసెంబరు 4న అయినా, బీచ్‌లో విన్యాసాలు ఏటా ఆ తేదీనే జరగవు. 2025లో జనవరి 4న జరిగాయి. రిహార్సళ్ళు అంతకుముందే మొదలవుతాయి. వార్తలు చూసుకొని ఆ రోజుల్లో నడక తెల్లవారుజామునే ముగించండి. బీచ్ రోడ్డుకు దూరంగా, గాజువాక వైపో ఇంకెక్కడో బంధువులు ఉంటే, మల్లికి వాళ్ళు ముందే అలవాటైతే, ఆ పూట అక్కడ గడపవచ్చు. లేకపోతే కిటికీలు మూసి, మందపాటి తెరలు వేసి, ఫ్యాను వేగంగా పెట్టి, దాని పక్కన ఉండండి. మోతకు బెదిరి తప్పిపోయే కుక్కలు చాలా ఉంటాయి. మెడ బెల్టులోంచి తల వెనక్కి లాక్కోవడం దానికి క్షణం పని. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కొనండి, బెల్టుకూ హార్నెస్‌కూ రెండింటికీ పట్టీ తగిలించండి, మీ ఫోను నంబరున్న బిళ్ళ వేయండి.

ఇలా కొన్ని నెలలు గడిచి, వీధిలోకి వచ్చి వాసనలు చూస్తూ నడుస్తుంటే, అప్పుడు సముద్రం. ఆర్కే బీచ్ కాదు. పనిదినాన తెల్లవారాక, భీమిలి రోడ్డులో తొట్లకొండ దాటాక ఇసుక ఖాళీగా ఉంటుంది. పొడవాటి నూలు తాడు హార్నెస్‌కు కట్టి, అలలకు దూరంగా, అది ఎటు వెళ్తే అటు వెళ్ళండి. ఉప్పునీళ్ళు తాగనివ్వకండి. ఒక్క విన్నపం: చలికాలం చివర, వేసవి మొదట్లో మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కుక్కలు ఆ గూళ్ళను తవ్వేస్తాయి. ఆ నెలల్లో తాడు చేతిలోంచి వదలవద్దు.

మెరుగుదలను ఎన్నిసార్లు భయపడిందన్న లెక్కతో చూడకండి. భయపడిన తరువాత ఎంతసేపటికి మళ్ళీ తిండి ముట్టింది, ఎంతసేపటికి ఒళ్ళు విదిల్చుకొని ముందుకు నడిచింది అన్నది రాసిపెట్టుకోండి. ఆ సమయం తగ్గుతుంటే దారి సరైనదే. పొద్దున వీధికుక్కలు మొరిగి, మధ్యాహ్నం కుక్కర్ ఈల వేసి, సాయంత్రం పిడుగు పడితే ఆ భయాలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, ఒంట్లో ఒత్తిడి వెంటనే దిగదు. అలాంటి రోజు తరువాత ఒకటి రెండు రోజులు నడక కూడా మాని ఇంట్లో ముక్కు ఆటలతో గడపండి.

ఇన్ని చేసినా తిండి ముట్టకుండా, నిద్రపోకుండా ఉంటే భయానికి మందులున్నాయి. ఫ్లుయోక్సెటిన్, గాబాపెంటిన్, ట్రాజోడోన్ లాంటివి పశువైద్యులు కుక్కలకు రాస్తారు. మందు వాడడం ఓటమి కాదు. నేర్చుకునే స్థితికి దాన్ని తేవడానికే. అయితే దీపావళికి ఏసిప్రోమజీన్ అనే మత్తుమందు ఒక్కటే ఇస్తామంటే వేరే మార్గం అడగండి. అది ఒంటిని కదలనివ్వదు, లోపలి భయాన్ని తగ్గించదు. మనుషుల మాత్రలు సొంతంగా వేయవద్దు, పారాసెటమాల్ కూడా ప్రమాదమే.

రెండో కుక్క గురించి: ఇప్పుడు వద్దు. కుక్కలతో నిబ్బరంగా ఉండే బెదురు కుక్కలు కొన్ని ఉంటాయి, వాటికి ధైర్యవంతమైన తోడు మేలు చేస్తుంది. కానీ మల్లి కుక్కల మధ్య ఎలా ఉంటుందో మీకింకా తెలియదు, మీ ఇంట్లో దానికి సొంతమైన చోటు మంచం కింద తప్ప ఇంకెక్కడా లేదు. ముందు నెమ్మదస్తురాలైన ఒక పెద్ద కుక్కతో, మీకు తెలిసినవారిది, ఖాళీ వీధిలో రోడ్డుకు చెరో పక్క సమాంతరంగా నడిపించి చూడండి. తోక వదులుగా ఉండి, ఆ కుక్క వెళ్ళిన చోట వాసన చూడాలని తనంతట తానే లాగితే, మల్లి హాలులో అందరి మధ్య పడుకోవడం మొదలయ్యాక ఈ ప్రశ్న మళ్ళీ ఆలోచించండి.